చిట్టెలుకలలో మలేరియా టీకాను పరీక్షించడం ఎలా: పరిశోధక విద్యార్థులకు ఒక మార్గదర్శి

మలేరియా టీకాను జంతువులలో పరీక్షించబోయే విద్యార్థి అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. మనిషికి వచ్చే మలేరియా మామూలు చిట్టెలుకకు రాదు. ప్రాణాల మీదికి తెచ్చే ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే పరాన్నజీవి గానీ, తిరగబెట్టే స్వభావమున్న వైవాక్స్ గానీ చిట్టెలుక కాలేయంలో పెరగవు, దాని ఎర్ర రక్తకణాలలో నిలవవు. కాబట్టి ప్రయోగశాలలో మనం చూసేది ఎప్పుడూ మనిషి మలేరియాకు బంధువైన మరొక జబ్బునే. ఆ బంధుత్వం ఎంతవరకు చెల్లుతుందో ప్రయోగానికి ముందే తేల్చుకోకపోతే, చివరికి వచ్చిన అంకెలు ఎంత బాగున్నా వాటికి అర్థం చెప్పలేము.

ఇది మన ప్రాంతానికి సంబంధించిన చరిత్రలోనే కనిపిస్తుంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుకుని కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పక్షికి సోకుతుందని నిరూపించాడు. అయితే ఆ పక్షుల మలేరియాను మోసింది క్యూలెక్స్ దోమ, మనిషి మలేరియాను మోసేది అనాఫిలిస్. జబ్బు సోకే దారిని పక్షులు సరిగ్గా చూపించాయి, మోసే దోమ జాతిని మాత్రం చూపించలేకపోయాయి. నేటి చిట్టెలుక కూడా అంతే, కొన్ని ప్రశ్నలకు నమ్మకంగా జవాబు చెబుతుంది, మరికొన్నిటికి చెప్పలేదు.

మొదటి అడుగు: టీకా ఏ దశను అడ్డుకోవాలో రాసుకోండి

దోమ కాటుతో చర్మంలోకి దిగిన పరాన్నజీవి రూపాలు, అంటే స్పోరోజోయిట్లు, కాలేయానికి చేరి అక్కడ పెరుగుతాయి. తర్వాత రక్తంలోకి వచ్చి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, ఆ పరాన్నజీవులలో కొన్ని లైంగిక రూపాలుగా మారి మళ్లీ దోమలోకి వెళతాయి. కాలేయానికి చేరకుండా ఆపే టీకాకూ, రక్తంలో పెరుగుదలను తగ్గించే టీకాకూ, దోమలో ఎదుగుదలను ఆపే టీకాకూ పరీక్షలు పూర్తిగా వేరు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన అడ్‌ఫాల్సివ్యాక్స్ వంటి టీకా మొదటి దశనూ చివరి దశనూ కలిపి గురి పెడుతుంది. అటువంటి దానికి ఒకే ప్రయోగంతో జవాబు దొరకదు, ఒక్కొక్క గుణానికి ఒక్కొక్క పరీక్ష కావాలి.

ఈ మార్గదర్శిలో ఉదాహరణగా కాలేయానికి ముందరి దశపై పనిచేసే టీకాను తీసుకుంటున్నాను. స్పోరోజోయిట్ ఒంటినిండా కప్పుకుని ఉండే సీఎస్‌పీ అనే ప్రోటీనుపై ఆధారపడిన టీకాలు ఈ కోవలోవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్, 2023లో సిఫారసు చేసిన ఆర్21 రెండూ ఆ ప్రోటీను ముక్కతో తయారైనవే. రెండోదాన్ని పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. మొదటిదాని తయారీ పరిజ్ఞానాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం 2021లో కుదిరింది.

రెండో అడుగు: పరాన్నజీవినీ జంతువునూ జతగా ఎంచుకోండి

ఈ అడుగులో తొందరపడవద్దు, ప్రయోగం విలువ సగానికి పైగా ఇక్కడే నిర్ణయమవుతుంది. మధ్య ఆఫ్రికా అడవి ఎలుకల నుండి సేకరించిన నాలుగు పరాన్నజీవి జాతులు, అంటే బెర్గీ, యోయెలీ, షబోడీ, విన్‌కీ, ప్రయోగశాల చిట్టెలుకలో పెరుగుతాయి. వీటిలో బెర్గీ 1948లో కటంగా ప్రాంతంలో మొదట దొరికింది. రూత్ నుస్సెన్‌జ్వైగ్ బృందం 1967లో ఎక్స్‌రేలతో బలహీనపరచిన బెర్గీ స్పోరోజోయిట్లను చిట్టెలుకలకు ఇచ్చి, ఆ తర్వాత ఎక్కించిన బతికున్న స్పోరోజోయిట్ల నుండి అవి రక్షణ పొందడాన్ని చూపించింది. మలేరియాకు టీకా సాధ్యమేనన్న నమ్మకం గట్టిపడింది ఆ చిట్టెలుకల వల్లనే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫాల్సిపారం సీఎస్‌పీ నడిమి భాగంలో నాలుగు అమైనో ఆమ్లాల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, టీకా పుట్టించే యాంటీబాడీలు ఎక్కువగా దాన్నే పట్టుకుంటాయి. బెర్గీ సీఎస్‌పీలో ఆ వరుస వేరు. అందుచేత ఫాల్సిపారం టీకా ఇచ్చిన చిట్టెలుకకు మామూలు బెర్గీని ఎక్కిస్తే, టీకా ఎంత మంచిదైనా అది జబ్బు పడుతుంది. దీనికి పరిష్కారంగా, బెర్గీ సీఎస్‌పీ జన్యువు స్థానంలో ఫాల్సిపారం జన్యువును ఉంచిన మార్పిడి పరాన్నజీవులను వాడతారు. ఆక్స్‌ఫర్డ్ బృందం ఆర్21ను బాల్బ్/సీ అనే వంశపు చిట్టెలుకలలో పరీక్షించి 2017లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇటువంటి మార్పిడి బెర్గీనే వాడింది. మామూలు బెర్గీని మాత్రం పారవేయకండి, టీకా పొందిన ఒక చిన్న గుంపుకు దాన్ని ఎక్కించి చూడండి. వాటికి జబ్బు వచ్చి, మార్పిడి బెర్గీ ఎక్కించిన వాటికి రాకపోతే, రక్షణ మీ టీకా గురిపెట్టిన ప్రోటీను వల్లనే వచ్చిందని గట్టిగా చెప్పగలుగుతారు.

చిట్టెలుక వంశాన్ని కూడా ఆలోచించి తీసుకోండి. బాల్బ్/సీ చిట్టెలుకల టి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఎలుక మలేరియా సీఎస్‌పీలోని ఒక చిన్న ముక్కను అసాధారణమైన బలంతో గుర్తిస్తాయి. సీ57 బ్లాక్ 6 చిట్టెలుకలకు ఆ సౌలభ్యం లేదు, వాటిని కాపాడడం కష్టం. ఒకే టీకా మొదటి వంశంలో గెలిచి రెండో వంశంలో ఓడిపోవడం అరుదేమీ కాదు. జన్యుపరంగా ఒకరికొకరు భిన్నమైన మనుషులకు ఇవ్వవలసిన టీకాను ఒక్క వంశపు చిట్టెలుకతో తీర్మానించడం సరికాదని నా గట్టి అభిప్రాయం. రెండు వంశాలలో చేయడానికి బడ్జెట్టు చాలకపోతే, కనీసం కష్టమైన వంశాన్ని వదలకండి.

రక్తదశ టీకాల విషయంలో పరిస్థితి ఇంకా క్లిష్టం. ఫాల్సిపారం ఎర్ర రక్తకణంలోకి దూరడానికి వాడుకునే ఆర్‌హెచ్5 ప్రోటీనుకు ఎలుక మలేరియాలో సమానమైనది లేదు, అందుకే దాన్ని ఫాల్సిపారం సోకగల దక్షిణ అమెరికా అయోటస్ కోతులలో పరీక్షించవలసి వచ్చింది. వైవాక్స్ లాగా కాలేయంలో నిద్రాణంగా ఉండే రూపాలను చూడాలంటే రీసస్ కోతులు, సైనోమోల్గీ పరాన్నజీవి కావాలి. మనిషి కాలేయ కణాలు అమర్చిన ప్రత్యేక చిట్టెలుకలలో అసలు ఫాల్సిపారమే పెరుగుతుంది గానీ, వాటికి స్వంత రోగనిరోధక వ్యవస్థ లేదు. వాటికి టీకా వేసి లాభం లేదు, మరెక్కడో తయారైన యాంటీబాడీలను ఎక్కించి మాత్రమే పరీక్షించగలం.

మూడో అడుగు: అనుమతులు

మన దేశంలో 1960 జంతుహింస నిరోధక చట్టం, 1998 నియమాల ప్రకారం సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి లేనిదే ఒక్క చిట్టెలుకను కూడా ముట్టుకోకూడదు. కోతులైతే కేంద్ర సంఘం అనుమతి కూడా కావాలి. జన్యుమార్పిడి పరాన్నజీవికి సంస్థాగత జీవభద్రతా సంఘం ఆమోదం వేరుగా తీసుకోవాలి. దరఖాస్తులో జంతువుల సంఖ్యకు గణాంకాల ఆధారం, నొప్పి తగ్గించే పద్ధతి, ఏ లక్షణం కనిపించగానే జంతువును ప్రయోగం నుండి తప్పిస్తారన్న వివరం స్పష్టంగా రాయండి. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని జాతీయ జంతు వనరుల కేంద్రం వంటి చోట్ల శిక్షణ పొందే అవకాశముంటే, రక్తం తీయడం, తోక సిరలోకి సూది వేయడం అక్కడే నేర్చుకోండి. అసలు ప్రయోగంలో చేయి వణికితే బాధపడేది జంతువు.

నాలుగో అడుగు: గుంపులు, సంఖ్యలు

గుంపుకు ఐదు చిట్టెలుకలు చాలునన్న అలవాటు చాలా ప్రయోగశాలలలో ఉంది. లెక్క వేసి చూడండి. టీకా పొందిన ఐదింటిలో మూడు రక్షణ పొంది, పోలిక కోసం టీకా ఇవ్వకుండా ఉంచిన కంట్రోలు ఐదింటిలో ఒక్కటీ పొందలేదనుకుందాం. ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్షలో పి విలువ (నిజమైన తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) దాదాపు 0.17 వస్తుంది, అంటే ఏమీ తేలలేదు. అదే 60 శాతం రక్షణ పదేసి చిట్టెలుకల గుంపులలో కనిపిస్తే పి విలువ 0.011 అవుతుంది. సంఖ్య మరీ తగ్గించి ఏమీ తేల్చలేని ప్రయోగం చేయడం జంతువుల మీద దయ కాదు, అవి వృథాగా పోయినట్టే.

కంట్రోలు గుంపులు కనీసం రెండు ఉండాలి. ఒకదానికి ఏమీ ఇవ్వకూడదు, మరొకదానికి టీకాలోని అడ్జువెంట్‌ను, అంటే రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే సహాయక పదార్థాన్ని మాత్రమే ఇవ్వాలి. కొన్ని అడ్జువెంట్లు వాటంతట అవే కొంతకాలం పరాన్నజీవిని అణచిపెట్టగలవు. బలహీనపరచిన స్పోరోజోయిట్లనే టీకాగా ఇస్తుంటే, పరాన్నజీవి లేని దోమల లాలాజల గ్రంథుల గుజ్జు ఇచ్చిన గుంపు కూడా కావాలి. చిట్టెలుకలను గుంపులకు కేటాయించడం చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా జరగాలి. ఒకే పంజరంలోనివన్నీ ఒకే గుంపులోకి వెళ్లకుండా చూడండి. తర్వాత స్లైడులు చదివే వ్యక్తికి ఏది ఏ గుంపుదో తెలియకుండా సంకేత సంఖ్యలు వేయండి.

ఐదో అడుగు: టీకా ఇవ్వడం

మూడు వారాల ఎడంతో మూడు మోతాదులు, చివరి మోతాదు తర్వాత మూడు వారాలకు పరీక్ష అన్నది తరచుగా వాడే క్రమం. ఫ్రాయిండ్స్ అడ్జువెంట్ వాడితే యాంటీబాడీలు విపరీతంగా వస్తాయి గానీ దాన్ని మనిషికి ఇవ్వలేము, కాబట్టి ఆ ఫలితంతో ముందుకు వెళ్లలేము. అడ్జువెంట్ ఎంత తేడా తెస్తుందో 1997లో ప్రచురితమైన ఆర్‌టీఎస్,ఎస్ మానవ పరీక్ష చూపింది. అదే ప్రోటీనును మూడు రకాల మిశ్రమాలలో ఇచ్చి, రోగం సోకిన దోమలతో కుట్టించినప్పుడు ఒక మిశ్రమం 8 మందిలో ఒకరిని, మరొకటి 7 మందిలో ఇద్దరిని, మూడోది 7 మందిలో ఆరుగురిని కాపాడింది. మనిషికి వాడబోయే మిశ్రమాన్నే చిట్టెలుకలో వాడాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు. పరీక్షకు ఒకటి రెండు రోజుల ముందు ప్రతి చిట్టెలుక నుండి కొద్దిగా రక్తం తీసి సీరం భద్రపరచండి. ఆ తర్వాత తీసిన సీరం దీనికి బదులు కాదు.

ఆరో అడుగు: దోమలు, స్పోరోజోయిట్లు

ఎక్కువ ప్రయోగాలు చెడిపోయేది ఇక్కడే. అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమ మన నగరాలలో నీటి ట్యాంకుల్లో పెరిగేదే, ప్రయోగశాలలో సులభంగా పెంచవచ్చు. బెర్గీ సోకిన చిట్టెలుకను దోమలకు అందించే ముందు దాని తోక నుండి ఒక బొట్టు రక్తం తీసి, చల్లబడనిచ్చి, సూక్ష్మదర్శినిలో పది పదిహేను నిమిషాలు చూడండి. పురుష రూపాల నుండి సన్నని కొరడాల వంటి కణాలు విదిలించుకుంటూ బయటకు వచ్చి, చుట్టూ ఉన్న ఎర్ర రక్తకణాలను కదిలిస్తుంటే ఆ చిట్టెలుక పనికొస్తుంది. ఆ కదలిక కనిపించకపోతే దోమలకు దాన్ని పెట్టవద్దు. ఒక చిట్టెలుక నుండి మరో చిట్టెలుకకు రక్తం ద్వారానే పదేపదే మార్చుకుంటూ పోతే పరాన్నజీవి ఈ లైంగిక రూపాలను తయారు చేయడం మానేస్తుంది. కాబట్టి ద్రవ నత్రజనిలో దాచిన మొదటి తరాల నమూనాలతోనే ప్రతిసారీ మొదలుపెట్టండి.

రక్తం తాగిన దోమలను 19 నుండి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. యోయెలీకి దాదాపు 24 డిగ్రీలు సరిపోతాయి, బెర్గీ మాత్రం ఆ వేడిని తట్టుకోలేదు. ఎండాకాలంలో కరెంటు పోయి ఇంక్యుబేటర్ కొన్ని గంటలు ఆగితే మొత్తం బ్యాచ్ పోయినట్టే కనుక, జనరేటర్ లైనును ముందే అడిగి పెట్టుకోండి. పది పన్నెండు రోజులకు కొన్ని దోమల పొట్టలు తీసి మెర్క్యురోక్రోమ్ రంగుతో గుండ్రటి తిత్తులు ఏర్పడ్డాయేమో చూడండి. సుమారు 18 నుండి 24 రోజుల మధ్య లాలాజల గ్రంథులు తీయవచ్చు.

దోమలను మంచుమీద మత్తెక్కించి, ఆల్కహాలులో ఒకసారి ముంచి, లవణ ద్రావణంలోకి మార్చండి. స్లైడు మీద ఒక సూదితో ఛాతీని నొక్కి పట్టుకుని, రెండో సూదితో తలను నెమ్మదిగా లాగితే, మెడ వెంట గాజులా మెరిసే మూడేసి పాయల గ్రంథులు బయటకు వస్తాయి. వాటిని చిన్న గాజు రోకలితో నూరి, న్యూబార్ గదిలో (కణాలు లెక్కించే గీతల స్లైడులో) నింపి, స్పోరోజోయిట్లు అడుగుకు దిగేదాకా ఐదు నిమిషాలు ఆగి లెక్కించండి. పెద్ద చదరానికి సగటున 12 కనిపిస్తే మిల్లీలీటరుకు 1,20,000 ఉన్నట్టు. చిట్టెలుకకు 0.1 మిల్లీలీటరులో 1,000 ఇవ్వాలంటే దాన్ని 12 రెట్లు పలుచన చేయాలి. మొత్తం పని మంచు మీదే, వీలైనంత త్వరగా, గంటలోపు ముగించాలి. ఆలస్యమైన కొద్దీ స్పోరోజోయిట్ల చురుకు తగ్గి, చివర ఇంజెక్షను పొందిన గుంపు రక్షణ పొందినట్టు కనిపిస్తుంది. అందుకే గుంపులను వరుసగా పూర్తి చేయకుండా కలగలిపి ఇవ్వండి, చివరి ఇంజెక్షను కంట్రోలు చిట్టెలుకకే ఇవ్వండి.

ఏడో అడుగు: ఛాలెంజ్

టీకా పనిచేసిందో లేదో చూడడానికి పరాన్నజీవిని కావాలని ఎక్కించడాన్నే ఛాలెంజ్ అంటారు. తోక సిరలోకి ఇంజెక్షను ఇస్తే మోతాదు కచ్చితంగా తెలుస్తుంది, కానీ స్పోరోజోయిట్లు చర్మాన్ని దాటే ప్రయాణం లేకుండా నేరుగా కాలేయానికి చేరుకుంటాయి. యాంటీబాడీలు వాటి కదలికను కట్టడి చేయడానికి మంచి అవకాశం చర్మంలోనే ఉంటుంది కాబట్టి, యాంటీబాడీలపై ఆధారపడే టీకాకు ఈ పద్ధతి న్యాయం చేయకపోవచ్చు. ఐదు సోకిన దోమలతో కుట్టించడం సహజానికి దగ్గర, అయితే ఏ దోమ ఎన్ని దించిందో తెలియదు. కుట్టిన దోమలను తర్వాత కోసి, రక్తం తాగిందా, గ్రంథులలో స్పోరోజోయిట్లు ఉన్నాయా అని చూసి నమోదు చేయండి. నా సలహా, మొదటి వడపోతకు ఇంజెక్షను, మిగిలిన టీకాలకు దోమ కాటు. ఏ పద్ధతిలోనైనా, ఏమీ పొందని కంట్రోలు చిట్టెలుకలన్నిటికీ జబ్బు రాకపోతే ఆ ప్రయోగాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఎనిమిదో అడుగు: స్లైడులు చదవడం

నాలుగో రోజు నుండి పద్నాలుగో రోజు వరకు రోజూ ఒకే వేళకు తోక చివరి నుండి బొట్టు తీసి పలుచని పూత వేయండి. మిథనాల్‌తో స్థిరపరచి, పీహెచ్ 7.2 బఫరులో కలిపిన 10 శాతం జీమ్సా రంగులో పావుగంట ఉంచండి. నూనె లెన్సు కింద చూసేటప్పుడు కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఎర్ర రక్తకణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్. అది ఊదారంగులో ఒకే ముద్దలా ఉంటుంది, చుట్టూ లేతగా ఒక వలయం కనిపించవచ్చు. పరాన్నజీవి అయితే నీలిరంగు సైటోప్లాజం, అందులో ఎర్రటి కేంద్రకం విడివిడిగా కనిపిస్తాయి. బెర్గీకి లేత ఎర్ర రక్తకణాలంటే ఇష్టం కాబట్టి, నీలిచాయ ఉన్న పెద్ద కణాలను జాగ్రత్తగా వెతకండి.

పద్నాలుగు రోజులూ పరాన్నజీవి కనిపించని చిట్టెలుకే పూర్తి రక్షణ పొందినట్టు లెక్క. మిగిలిన వాటిలో పరాన్నజీవి 1 శాతం కణాలకు చేరడానికి ఎంత కాలం పట్టిందో లెక్కకట్టండి. రక్తంలో బెర్గీ రోజుకు దాదాపు పది రెట్లు పెరుగుతుంది, కనుక ఒక రోజు ఆలస్యమంటే కాలేయం నుండి బయటకు వచ్చిన పరాన్నజీవులు దాదాపు 90 శాతం తగ్గినట్టు. పూర్తి రక్షణ రాని టీకాను పారవేయక ముందు ఈ అంకెను చూడడం మరచిపోవద్దు. ఈ కాలాన్ని లాగ్‌ర్యాంక్ పరీక్షతో పోల్చండి. కాలేయంలోని భారాన్నే నేరుగా కొలవాలంటే, పరాన్నజీవులు రక్తంలోకి రాకముందే, 40 నుండి 44 గంటల మధ్య, వెలుగునిచ్చేలా జన్యుమార్పిడి చేసిన పరాన్నజీవిని కెమెరాతో చూడడమో, కాలేయంలోని పరాన్నజీవి ఆర్‌ఎన్‌ఏను పీసీఆర్‌తో కొలవడమో చేయాలి.

1 శాతం దాటినట్టు వరుస కొలతలతో నిర్ధారణ కాగానే ఆ చిట్టెలుకను నొప్పి లేకుండా ముగించండి. బెర్గీ అంకా రకం సోకిన సీ57 బ్లాక్ 6 చిట్టెలుకలకు ఆరు నుండి పది రోజుల మధ్య మెదడు మలేరియా వచ్చి పక్షవాతం, మూర్ఛలు కనిపిస్తాయి. టీకా ప్రశ్నకు జవాబు అప్పటికే దొరికిపోయి ఉంటుంది కాబట్టి వాటిని ఆ బాధదాకా తీసుకువెళ్లే హక్కు మనకు లేదు.

తొమ్మిదో అడుగు: రక్షణ ఎందువల్ల వచ్చిందో తేల్చండి

టీకా పొందిన వాటి సీరాన్ని ఏ టీకా పొందని చిట్టెలుకలకు ఎక్కించి ఛాలెంజ్ చేయండి. అవీ రక్షణ పొందితే యాంటీబాడీలే కారణం. కాకపోతే, టీకా పొందిన మరో గుంపులో సీడీ8 టి కణాలను ప్రత్యేక యాంటీబాడీతో తొలగించి చూడండి. రక్షణ పోతే జవాబు దొరికినట్టే. ఈ తేడా తెలియకుండా తర్వాతి దశకు ఏ కొలతను వెంట తీసుకువెళ్లాలో నిర్ణయించలేరు.

పదో అడుగు: ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి

కొలంబియాలో మాన్యుయెల్ పటారోయో రూపొందించిన ఎస్‌పీఎఫ్66 టీకా అయోటస్ కోతులలో రక్షణ చూపినట్టు 1987లో ప్రచురితమైంది. తర్వాత టాంజానియా పిల్లలలో దాదాపు 31 శాతం ప్రభావం కనిపించినా, గాంబియా, థాయ్‌లాండ్ పరీక్షలలో అది నిలబడలేదు. ఎంఎస్‌పీ1 అనే రక్తదశ ప్రోటీను చిట్టెలుకలను యోయెలీ నుండి చక్కగా కాపాడింది. దాని ఫాల్సిపారం రూపాన్ని కెన్యాలోని కొంబేవా పిల్లలకు ఇచ్చి 2009లో ప్రచురించిన పరీక్షలో మాత్రం రక్షణ కనబడలేదు. మరోవైపు ఆర్21 చిట్టెలుకలో చూపిన రక్షణ బుర్కినా ఫాసోలోని నానోరో పిల్లలలో, అధిక అడ్జువెంట్ మోతాదు పొందినవారిలో, 77 శాతంగా 2021లో నమోదైంది. ఆర్21 పరీక్షలో చిట్టెలుకను అడిగిన ప్రశ్న చాలా ఇరుకైనది: ఈ ప్రోటీనుపై పుట్టిన స్పందన ఈ ప్రోటీనే కప్పుకున్న స్పోరోజోయిట్‌ను ఆపుతుందా? మీ నివేదికలోనూ నిర్ధారణ అంతకు మించి వెళ్లకూడదు. చిట్టెలుక వంశం, లింగం, వయసు, పరాన్నజీవి రకం, మోతాదు, ఇచ్చిన దారి, తొలగించిన జంతువులు, తొలగించిన కారణం అన్నీ రాయండి. ఓడిపోయిన ప్రయోగాన్ని కూడా ప్రచురించండి, లేకపోతే మరొక ఊరిలో మరొకరు అవే జంతువులను మళ్లీ వాడతారు.

రక్షణ ఎంతకాలం ఉంటుందో చూడాలనుకుంటే, కాపాడబడిన చిట్టెలుకలను ఆరు నెలల తర్వాత మళ్లీ ఛాలెంజ్ చేస్తారు. అప్పుడు కొత్తగా తెప్పించిన ఎనిమిది వారాల వయసు చిట్టెలుకలను కంట్రోలుగా పెట్టకండి, వయసు పెరిగిన కొద్దీ స్పోరోజోయిట్లకు లొంగే తీరు మారవచ్చు. అదే పుట్టుక బ్యాచ్ నుండి కొన్నిటిని మొదటి రోజే పక్కన పెట్టి, ఆ సంఖ్యను కూడా నైతిక సంఘానికి ఇచ్చే మొదటి దరఖాస్తులోనే చేర్చండి.